ఐదో ఏంటికి

సుమలత వేలు కుట్టుమెషిన్ సూది కింద పడింది. సూది గోట్లోంచి దిగి అవతల తేలింది. ఇద్దరు ఆమెను మందుల గదికి నడిపించుకుపోయారు. రక్తం పడిన కాలర్‌ను ఎవరో పక్కన పారేశారు. ఆ కుర్చీలో గోరంట్ల నుంచి వచ్చే పిల్ల కూర్చుంది. పక్క మెషిన్ మీద నేను కుడుతూనే ఉన్నాను. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. లైన్‌లో నలభై మందిమీ అంతే. పోయిన నెల తనూజ వేలికి ఇదే జరిగినప్పుడూ అంతే.

మధ్యాహ్నం క్వాలిటీ ఆఫీసరు ఉదయ్ కుమార్ బోర్డు తెచ్చి నిలబెట్టాడు. మా పక్క పెనుకొండవాడే అయినా మాతో పుస్తకం భాషే మాట్లాడతాడు.

"సమస్య వస్తే పద్ధతిగా పరిష్కరించాలి. ఎందుకు అని ఐదుసార్లు అడిగితే అసలు కారణం దొరుకుతుంది" అన్నాడు.

బోర్డు మీద రాశాడు. సూది ఎందుకు గుచ్చుకుంది? చూసుకోలేదు. ఎందుకు చూసుకోలేదు? అజాగ్రత్త. పరిష్కారం: సుమలతను పనిలోంచి తీసేయాలి. అదే రాసిన కాగితం మీద అందరూ సంతకం పెట్టాలట. తనూజకు గుచ్చుకున్నప్పుడు ఇట్లాగే పెట్టేశాం. ఆమె ఇప్పుడు పరిగిలో కలుపు తీసే కూలికి పోతోంది.

పెన్ను నా దాకా వచ్చింది.

"సార్, రెండే అడిగినారు. ఇంకా మూడుండాయి కదా" అంది పుల్లమ్మ. కింద కూర్చుని దారాలు కత్తిరించే మనిషి, సంతకం రాదు, వేలిముద్రే.

ఉదయ్ కుమార్ నవ్వాడు. "అయితే నువ్వే అడుగు."

పుల్లమ్మ మా వైపు తిరిగింది. "సుమలతకు సూది ఏంటికి గుచ్చుకునె?"

"సూదికి అడ్డముండే గార్డు ల్యాదు" అన్నాను.

"ఏంటికి ల్యాదు?"

"విప్పేసినారు."

"ఏంటికి విప్పినారు?"

"అదుంటే బట్ట నిదానంగా పోతాదంట" అన్నారు వెనక నుంచి.

"ఏంటికంత తొందర?"

"గంటకు నూటిరవై కాలర్లు కావల్లంట!" ఈసారి పదిమంది అరిచారు.

"మొన్నటిదాకా తొంభయ్యే కదా. ఏంటికి పెంచినారు?"

అది ఐదో ఏంటికి. అందరం ఉదయ్ కుమార్‌నే చూశాం. ఆయన బోర్డు తుడిచేసి, "టైమయింది, లైన్లోకి వెళ్ళండి" అన్నాడు. నేను పెన్ను కింద పెట్టాను. నా తరవాత ఎవరూ దాన్ని తీసుకోలేదు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ గంగన్న ఇద్దరిని ఆపాడు. వేలికి కట్టుతో సుమలతను, ఆమెతోపాటు పుల్లమ్మను.

"ఏంటికి?" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

"నన్నడిగితే ఏం జెప్పేదమ్మా, నాకు జెప్పింది జేస్తాండా" అన్నాడు గంగన్న తల దించుకుని.

నలభై మందిమీ గేటు ముందే కూర్చున్నాం. బస్సులు దిగిన మిగతా లైన్లవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. లోపల ఒక్క మెషిన్ తిరగలేదు. తిమ్మిరి విడిచేటప్పుడు కాలు ఎట్లా పోటు పెడుతుందో నా లోపల అట్లా ఉంది. పోయిన నెల తనూజ కోసం ఏడవనిది ఇప్పుడు ఏడ్చాను.

పదింటికి ఉదయ్ కుమార్ పరుగున వచ్చాడు. పుస్తకం భాష మర్చిపోయాడు.

"ఏంటికి కూసున్నారు మీరంతా ఈడ?"

పుల్లమ్మ లేవలేదు.

"ఒకటయింది సార్. ఇంకా నాలుగడుగు."