సున్నా మడి

రాజమణి కొయ్యను మొక్కజొన్న పక్కన అడ్డంగా ఆనించి దూరం కొలిచి, గాటు దాకా మట్టిలో గుచ్చింది. మొదలుకు నాలుగు వేళ్ల దూరం, నాలుగు వేళ్ల లోతు. ఆ గుంతలో చెంచాడు యూరియా పోసి మట్టి కప్పింది. పైన చల్లితే సగం గాలికి పోతుంది, మొదట్లోనే పోస్తే వేరు మాడిపోతుంది. శాలిబండలో బస్సెక్కి ఇరవై రెండేళ్లుగా ఈ పరిశోధన క్షేత్రానికి వస్తున్న మనిషి. చెయ్యి తప్పదని పేరు. వేళ్లు వాచి వంగనప్పటి నుంచి కొలతకు ఈ కొయ్యే. తోటి కూలీ గోవర్ధన్ చెక్కి ఇచ్చాడు.

ఒక్కో మడికి ఒక్కో మోతాదు. సగం, పూర్తి, ఒకటిన్నర. చివరిది సున్నా మడి. దానికి ఏమీ వేయకూడదు. నేల తనంతట తాను ఎంత ఇస్తుందో చూడాలి.

మూడు వారాల కిందట ఆ మడిలో ఆకులు చివరల నుంచి నడిమి ఈనె వెంట పసుపెక్కుతుంటే రాజమణికి కడుపు తరుక్కుపోయింది. అందరికీ పెట్టి ఒక్కరి కడుపు మాడ్చడమేమిటి! ఎవరూ చూడకుండా నాలుగు గుప్పిళ్ల యూరియా చల్లింది. ఆ రాత్రే వాన పడి అదంతా నేలలోకి ఇంకింది.

ఇప్పుడు సున్నా మడి నిగనిగలాడుతోంది. పరిశోధన చేస్తున్న ఆశ్రిత పొద్దున ఆకులు కొలిచి గట్టు మీదే కూలబడి ఏడ్చింది. ఏడాది చదువు మట్టిపాలు. ఆ వారం యూరియా బస్తా మోసింది గోవర్ధన్ కాబట్టి తప్పు అతనిదేనని సూపర్‌వైజర్ తేల్చేశాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. మిగతా మడుల పని మాత్రం ఆగలేదు.

అన్నం తినేటప్పుడు, చల్లింది తనేనని చెబుదామనుకుంది రాజమణి. సగం తిన్న డబ్బా మూసేసి మళ్లీ మడిలోకి దిగింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది. చెయ్యి తప్పదన్న ఆ పేరంటే తనకింత తీపి అని ఆమెకే తెలియదు.

సాయంత్రం గోవర్ధన్ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకొని వచ్చాడు. రాజమణి చేతిలోని కొయ్యను సున్నా మడి గట్టున గుచ్చి లేచి నిలబడింది.

"పోతున్న అక్కా. వేళ్లకు నూనె రాస్కో, మర్వకు."

"గోవర్ధన్... ఆ యూరియా..."

"నాకెర్కనే. ఆ దినం నువ్వు చల్లుతుంటె చూసిన. నాక్కూడ పాపమనిపించింది. ఫికర్ జెయ్యకు, చాంద్రాయణగుట్టల ఏదన్న కూలి దొర్కుతది."

ఒక్క మాట తిట్టినా బాగుండేది. అతను నవ్వి గేటు దాటి వెళ్లిపోయాడు.

రాజమణి ఆశ్రిత గది వైపు నాలుగడుగులు వేసింది. ఆగింది. బస్సుకు వేళవుతోందని తనకు తానే చెప్పుకొని గేటు వైపు తిరిగింది.

సున్నా మడి గట్టున, గోవర్ధన్ చెక్కిన కొయ్య గాటు దాకా మట్టిలో దిగి అలాగే ఉంది.