మందు కొట్టకూడని వరస

మహిమ చదివే యూనివర్సిటీకి హైవే మీద పెద్ద ముఖద్వారం ఉంది. లోపల ఎంత చదువు దాగుందోనని బస్సుల్లో పోయేవాళ్ళు తలలు బయటపెట్టి చూస్తారు. లోపలికి వచ్చినవాళ్ళకి ఆ అనుమానం మొదటి వారంలోనే తీరిపోతుంది. బోటనీ లాబ్‌లో మైక్రోస్కోపులు పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయని బీరువాలో భద్రంగా ఉంటాయి. వైఫై పేరు ఫోన్లో కనపడుతుంది, అంతవరకే. హాస్టల్ సాంబారులో ములక్కాడ ముక్క దొరికినవాళ్ళు పక్కవాళ్ళకి చూపించి మరీ తింటారు.

ఇంత వైభవం మధ్య ఎమ్మెస్సీ రెండో ఏడాది దాకా నెట్టుకొచ్చిన మహిమకి తనదని చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది. డిపార్ట్‌మెంట్ వెనక రెండు వరసల మిరప మొక్కలు. మొదటి వరసకి తను కాచిన వేప కషాయం కొడుతుంది. రెండో వరసకి ఏమీ కొట్టదు. పురుగు పడితే పడనీ, ముడత వస్తే రానీ. ఆ వరస ఎంత పాడైతే, కషాయం ఎంత పనిచేసిందో అంత తేటగా తెలుస్తుంది. ఏప్రిల్‌లో ఫలితం తేల్చి ఈ ప్రాజెక్టు ఇస్తే డిగ్రీ చేతికొస్తుంది. లేకపోతే ఇంకో ఏడాది. పొదిలి దగ్గర కౌలు చేసే నాన్న యేసుపాదంతో ఆ ఇంకో ఏడాది మాట ఎత్తే ధైర్యం మహిమకి లేదు.

డిసెంబర్ మొదట్లో రెండో వరస ఆకులు దోనెల్లా పైకి ముడుచుకున్నాయి. మహిమ సంబరపడి నాన్నకి ఫోన్ చేసింది.

"నాన్నా, రెండో వరసకి ముడతొచ్చింది."

"మందు కొట్టావా?"

"కొట్టకూడదు నాన్నా. అదే పరీక్ష."

"ముడత చూసి నవ్వే చదువు చదివిస్తన్నానా నేను. ఈ మాట మన చర్చిలో ఎవరితో అనబాకు" అన్నాడు యేసుపాదం.

మహిమ గైడ్ ప్రొఫెసర్ రామాంజనేయులు గారు. సత్తెనపల్లి పక్క మిరప రైతుల ఇంట్లో పుట్టి, ఆ చేల మీదే పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. ఏమీ కొట్టకుండా వదిలేసిన వరస లేకపోతే అది ప్రయోగమే కాదని ఏటా క్లాసులో బల్ల గుద్ది చెబుతారు. పిల్లల ప్రాజెక్టులు చదవకుండానే సంతకం పెట్టేంత మంచి మనసు ఆయనది.

చదువులు చూసి గ్రేడు ఇచ్చే కమిటీ జనవరిలో వస్తోందని కబురు అందేసరికి యూనివర్సిటీకి ప్రాణం లేచొచ్చింది. చెట్ల మొదళ్ళకి సున్నం పడింది. మైక్రోస్కోపులు బీరువా దిగి ఎండ మొహం చూశాయి. కమిటీ ఏం అడిగినా "ఎక్సలెంట్ సార్" అనమని పిల్లలకి రిహార్సళ్ళు పెట్టారు. అంతలో ఆఫీసువాళ్ళు కమిటీ నడిచే దారి చూడ్డానికి వచ్చి, ఆ రోగిష్టి మొక్కలు పీకించమన్నారు. మహిమ గైడ్ గారి గదికి పరుగెత్తింది.

"పీకనివ్వనమ్మా, నేనున్నాగా. నువ్వు క్రిస్మస్‌కి ఇంటికెళ్ళిరా" అన్నారాయన.

కొత్త సంవత్సరం ప్రార్థన కూడా చూసుకుని వచ్చిన మహిమకి డిపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరే వాసన తగిలింది. అది ఏం వాసనో ఈ మిరప జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక్కి వెళ్ళి చూస్తే రెండో వరస కొత్త చిగుళ్ళు వేసి, పూత పట్టి, మొదటి వరస కంటే కళకళలాడుతోంది.

"రెండు దఫాలు కొట్టానమ్మా" అన్నారు రామాంజనేయులు గారు. ఆయన మొహం గేదె ఈనిన ఇల్లులా వెలిగిపోతోంది. "ప్యాంటు మడిచి, ట్యాంకు భుజానికెత్తి, నేనే కొట్టాను. ఇప్పుడు పీకమనమను చూద్దాం."

"సార్, అది మందు కొట్టకూడని వరస."

ఆయన మొహంలో వెలుగు పోయింది. "అవును కదా" అన్నారు. కాసేపటికి, "ముడత కళ్ళముందు కనపడతంటే ఎట్లా ఊరుకుంటామమ్మా" అన్నారు. ఇంకాసేపటికి మళ్ళీ ప్రొఫెసర్ అయిపోయారు. "పోయినేడు శ్రీకృష్ణ చేసిన ప్రాజెక్టు ఉందిగా. అందులోని అంకెలు వేసెయ్. ఎవరు చూస్తారు?"

ఎవరూ చూడరు, నిజమే. ఆ నిజానికే మహిమకి ఏడుపొచ్చింది. రూమ్మేట్ భవ్య ఓదార్చింది. "వేసెయ్యవే. శ్రీకృష్ణ మాత్రం చేలో దిగి లెక్కపెట్టాడనుకున్నావా? వాడి ముందువాడి దగ్గర దించాడు."

కమిటీ వచ్చింది. పెద్దాయన రెండో వరస దగ్గర ఆగి, దీనికి ఏం కొట్టారని అడిగాడు.

"దీనికేమీ కొట్టకూడదు సార్, కానీ..." అంది మహిమ.

"ఏమీ కొట్టకుండానే ఇంత పచ్చగా ఉందా" అని ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ "కానీ" తర్వాత ఏముందో వినేలోపే జీడిపప్పు ప్లేట్లు సిద్ధమని పిలుపొచ్చింది. గైడ్ గారు నేల చూస్తూ నడిచారు. యూనివర్సిటీకి మంచి గ్రేడు వచ్చింది. ముఖద్వారానికి ఫ్లెక్సీ వేలాడింది: రెండో వరస ఫోటో, కింద "ప్రకృతి వ్యవసాయంలో మన ముందడుగు".

ఆ ఫ్లెక్సీ కిందుగా నడిచిన ప్రతిసారీ మహిమకి ఒళ్ళు మండేది. ఏమీ కొట్టక్కర్లేదని ఫ్లెక్సీ చెబుతోంది. ఇక తనూ ఎవరివో అంకెలు దించి కషాయం ఒక్కటే చాలంటే, అది నమ్మి నాన్నలాంటివాడెవడో చేను పోగొట్టుకుంటాడు. మార్చి ఆఖర్లో నాన్నకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఇంకో ఏడాది పడుతుందని కూడా చెప్పేసింది.

యేసుపాదం పెద్దగా నిట్టూర్చాడు. "సరేలేమ్మా, చదువు. మీ సార్‌ని ఏమనబాకు. నేనైనా కొట్టేవాణ్ణే."

ఆ రోజే ప్రాజెక్టు తీసుకెళ్ళి గైడ్ గారి ముందు పెట్టింది. ఆయన అలవాటుగా ఆఖరి పేజీ తిప్పి పెన్ను మూత తీశారు. మహిమ ఆ పేజీ మీద వేలు పెట్టింది.

"ఇది చదవండి సార్."

"రెండో వరసకి గైడ్ గారు లీటరుకి రెండు మిల్లీలీటర్ల చొప్పున పురుగుమందు కొట్టారు. కాబట్టి ఈ ప్రయోగంలో ఏమీ తేలలేదు" అని ఉందక్కడ.

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. మహిమ వేలు వెనక్కి తీసుకుంది. ఆయన రెండు మీద అడ్డగీత కొట్టి, పైన ఒకటిన్నర అని దిద్దారు.

"ఒకటిన్నరే కొట్టానమ్మా. తప్పు రాయకూడదు."

కింద సంతకం పెట్టారు. పుస్తకం చేతికిస్తూ ఆమె మొహం చూడలేకపోయారు.

"తొలకరికి మళ్ళీ నారు పోద్దాం. ఈసారి ఆ వరస నాకు కనపడని చోట వెయ్యి."