తెలుగులో చెప్పిన మాట

కోచ్‌గా నాకు నాలుగు వందల గెలుపులు పూర్తయిన వారమే, అమెరికాలోని మా ప్లెయిన్స్‌బరో తెలుగు చర్చిలో పాస్టరుగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మేలు పొందినవాళ్లు నలుగురి ముందూ లేచి దేవుడికి స్తోత్రం చెప్పాలి, అంతే. ఇరవై ఆరేళ్లుగా కాలేజీ అమ్మాయిలకు సాకర్ కోచ్‌ని, మైదానంలో నా కేకలు పార్కింగ్ దాకా వినిపిస్తాయి. అలాంటివాడికి ఇవాళ కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

కారణం మూడో వరుసలో కూర్చుని ఉంది. షెరిన్, ప్రేమానందంగారి అమ్మాయి. చర్చిలో కూడా నల్ల కళ్లద్దాలే. వెలుతురు పడితే తల పగిలిపోతుందట. చదువు కూడా మానేసింది.

మూడేళ్ల కిందట ఆమె నా టీమ్‌లో డిఫెండర్. ఫైనల్లో ఎవరిదో మోచెయ్యి ఆమె తలకు తగిలింది. ఆట ఆగినప్పుడు నా దగ్గరికి వచ్చింది. పక్కనే ఆటగాళ్ల దెబ్బలు చూసే మా ట్రైనర్, అమెరికన్ ఆవిడ. తలకు దెబ్బని ఆవిడ చెవిన పడితే ఆడనివ్వదు, అక్కడ నా మాట కూడా చెల్లదు. షెరిన్‌కి అది తెలుసు. ఆపాలో వద్దో నన్నే తేల్చమని కాబోలు, ఎప్పుడూ కోచ్ అని పిలిచే పిల్ల తెలుగులోకి దిగింది.

"అంకుల్, తల తిరుగుతుంది. బాల్ రెండు కనిపిస్తుంది."

"ఏం కాదమ్మా. ఇంకో పావుగంట. నా కోసం."

ఏమంటోందని ట్రైనర్ అడిగింది. వాళ్లమ్మ ఎక్కడ కూర్చుందో అడుగుతోందని చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! అంకుల్ మాట కాదనడం ఆ పిల్లకు ఇంట్లో ఎవరూ నేర్పలేదు. వెళ్లి ఆడింది. మళ్లీ తలకే దెబ్బ తగిలి పడిపోయింది. మేము గెలిచాం. ఆ కప్పు నా ఆఫీసులో ఉంది.

తల తిరుగుతోందని ఎవరికైనా చెప్పావా అని ఆసుపత్రిలో అందరూ అడిగితే, షెరిన్ "నేను ఎవరికీ చెప్పలేదు" అంది. ఆ మాట చాటున మూడేళ్లు నెట్టుకొచ్చాను, సిగ్గులేని మనిషిని. వాళ్లమ్మ మణి ఇప్పటికీ ఆమెను దెప్పుతూనే ఉంటుంది, "ఒక్క మాట చెప్పుంటే రాజు అంకుల్ ఆపేవారు కదే" అని. ఇవాళ నాకు కప్పడానికి శాలువా తెచ్చింది కూడా ఆవిడే.

"రండి, షాలేం రాజు బ్రదర్" అన్నారు పాస్టరుగారు.

మైకు అందుకున్నాను. స్తోత్రం నోటికి రాలేదు.

"మణి సిస్టర్, ఆ రోజు షెరిన్ నాకు చెప్పింది. తల తిరుగుతోందని తెలుగులో చెప్పింది. నేనే ఆడమన్నాను."

ప్రేమానందంగారు తల వంచుకున్నారు. మణి మాత్రం నా వైపు చూడనే లేదు, కూతురి వైపు తిరిగింది.

"నిజమేనా?"

షెరిన్ తల ఊపింది.

"మరి ఇన్నాళ్లూ నేను అన్ని మాటలంటుంటే ఎందుకే ఊరుకున్నావు?"

"అంకుల్ చెప్తారు అని వెయిట్ చేశాను, మమ్మీ."