పక్షి చాపిన చేతులు

క్రేను నడిపిన ముప్ఫై ఏళ్ళలో ఆయన మాటలు విని పని చేయలేదు, కింద నిలబడి సైగలు చేసే మనిషి చేతులు చూసి చేశాడు. చెయ్యి పైకి లేస్తే ఎత్తడం. అరచెయ్యి నేలవైపు తిప్పి చాపితే ఆపడం. రెండు చేతులూ అలా చాపితే కొంపలు మునుగుతున్నాయని, ఉన్నపళంగా ఆపడం. రిటైరయ్యాక ఊరుకోలేక, కూతురి నాటక సంఘంలో తాడు లాగే పని నెత్తినేసుకున్నాడు. కూతురిది పక్షి వేషం. నడుముకీ ఛాతీకీ పట్టీలు బిగించి, కప్పీ మీదుగా వేసిన తాడుతో ఆమెను రెండు నిలువుల ఎత్తుకు లేపాలి.

తీరా చూస్తే ఈ నాటకాలవాళ్ళు చేతులు ఒక్క క్షణం ఊరికే ఉంచరు. రాజు ఊపుతాడు, రాణి ఊపుతుంది. మందుల షాపు నడుపుకుంటూ నాటకాలాడించే డైరెక్టరైతే పక్కన నిలబడి గాలిని పిండేస్తుంటాడు. ఏది సైగ, ఏది నటన? మొదటి వారమే ఆయన బుర్ర తిరిగిపోయింది.

"ఈ చేతుల సంగతేదో తేల్చండి బాబూ," అన్నాడు.

"మీరు నా చెయ్యొక్కటే చూడండి బాబాయ్‌గారూ. మిగతాదంతా యాక్టింగే," అన్నాడు డైరెక్టరు.

సరేనన్నాడు. అక్కడే తప్పులో కాలేశాడు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. డైరెక్టరు చెయ్యెత్తగానే తాడు లాగాడు. కూతురు లేచింది, జనం చప్పట్లు కొట్టారు. సగం ఎత్తులో ఆమె రెండు చేతులూ చాపింది, అరచేతులు నేలవైపు. మొహమంతా నవ్వు. గాలిలో తేలే పక్షి అలాగే ఉంటుంది. ఆపమనే సైగ కూడా అలాగే ఉంటుంది. అవతల డైరెక్టరేమో పైకి, ఇంకా పైకి అని చెయ్యి తిప్పుతున్నాడు. ఆయనకు ఏమీ పాలుపోలేదు. నవ్వే మనిషికి ఆపదేముంటుంది? ఊరికే ఆపితే పిల్ల నలుగురిలో నవ్వులపాలవుతుంది. ఆయన ఇంకా తేల్చుకోకముందే చేతులు తాడు బిగబట్టేశాయి. మెల్లగా దింపేశాడు.

తెర పడింది. డైరెక్టరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఉన్న పరువంతా తీశారు కదండీ," అన్నాడు.

ఆయన కొక్కెం చూశాడు, కప్పీ చూశాడు, తాడు పొడవునా తడిమాడు. అన్నీ లక్షణంగా ఉన్నాయి. నిజంగానే పరువు తీశానని సిగ్గుతో కుంచించుకుపోయాడు.

కూతురు వచ్చి పట్టీ విప్పమంది. చంక కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది.

"బరువు పడేకొద్దీ బిగుసుకుంటోంది నాన్నా. ఊపిరాడలేదు."

"మరి నవ్వావేమే?"

"నవ్వు జనానికి. చేతులు నీకు. చిన్నప్పుడు నువ్వు నేర్పినవేగా."

ఆయన ఆ పట్టీ పట్టుకుని కూలబడ్డాడు. రిహార్సల్స్‌లోనూ ఆమె ఒక చెయ్యి అలాగే చాపింది, మూడుసార్లు. మూడుసార్లూ ఆయన డైరెక్టరు చెయ్యే చూస్తూ పైకి లాగాడు. అచ్చం పక్షిలా చేశావే అని మెచ్చుకున్నాడు కూడా.

"అప్పుడూ ఊపిరాడలేదా?" అని అడిగాడు.

కూతురు చంక కింద రుద్దుకుంటూ తల వంచుకుంది.

"నువ్వు మెచ్చుకున్నావుగా నాన్నా. ఇక చెప్పబుద్ధి కాలేదు."