ముందుగా కుట్టని టోపీలు

మడిచిన మోకాలికి గుడ్డ చుట్టి, కొలత చూసుకుని కత్తెర వేసింది టోపీలమ్మ. ముప్పై ఏళ్ళుగా ఆ ఆస్పత్రి కుట్టుగదిలో ఆమెకు అదే కొలబద్ద. నెలలు నిండిన బిడ్డకైతే మోకాలు, తొందరపడి పుట్టే కవలలకైతే పిడికిలి. చేరిన కొత్తలో కవలలన్న కబురు ఏడాదికి ఒకటో రెండో వచ్చేది. ఇప్పుడు వారం తిరక్కుండా వస్తోంది. వాళ్ళందరూ బతికి బట్టకట్టరని ఆమెకు తెలుసు.

కాన్పు కాకముందు టోపీ కుట్టేది కాదు. తన కవలలకు ముందే కుట్టి పెట్టుకుంది, పురిట్లోనే ఇద్దరూ పోయారు. ఆ కడుపుకోత ఇప్పటికీ చల్లారలేదు. అందుకే, కడుపులో ముగ్గురిని మోస్తూ నెలరోజులుగా పైవార్డులో పడుకున్న అమ్మాయి పోయిన వారం ఎంత బతిమాలినా కరగలేదు.

"పెద్దమ్మా, ఒక్కసారి చేత్తో పట్టుకుని ఇచ్చేస్తా. కుట్టవూ?"

"పుట్టనీ తల్లీ. ఇప్పుడేం కొంపలు మునిగిపోయాయి?"

"అబ్బ, ఏం మొండిదానివి! గౌను గుండీ ఊడింది, సూదీ దారమైనా ఇచ్చిపో," అని నవ్వింది ఆ అమ్మాయి.

ఇవాళ పొద్దున్నే ఆమెను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. ఇంకా ఎనిమిదో నెల రాలేదు. టోపీలమ్మ మిషన్ తొక్కుతోందే గానీ ప్రాణమంతా మెట్లమీదే ఉంది. ఎట్టకేలకు నర్సు పరుగున వచ్చింది.

"ముగ్గురూ ఏడ్చారు! త్వరగా కుట్టు, నారింజకాయంత తలలు."

పిడికిలి కంటే ఓ వేలు తక్కువగా కత్తిరించి, అరగంటలో మూడూ కుట్టి పైకి పట్టుకెళ్ళింది. అద్దాల పెట్టెల్లో ఉన్న పిల్లలకు నర్సు వాటిని తొడిగింది. పల్చటి చర్మం కింద గుండెలు టకటకా కొట్టుకుంటున్నాయి. హమ్మయ్య అనుకుంది టోపీలమ్మ.

"తల్లికి చూపించారా?"

నర్సు మొహం తిప్పుకుంది. "రక్తం ఆగలేదమ్మా. ఎంత ఎక్కించినా చాలలేదు. ఇందాకే పోయింది."

ముగ్గురి కోసం భయపడిందే తప్ప నాలుగో ప్రాణం సంగతి టోపీలమ్మకు తట్టనే లేదు. ఒక్కసారి పట్టుకుంటానంది, పిచ్చితల్లి. నా మొండితనం మండిపోనూ, అని ఏడుస్తూ మెట్లు దిగింది.

మధ్యాహ్నం ఆ అమ్మాయి మంచం మీది దుప్పట్లు కుట్టుగదికి వచ్చాయి. ఉతుక్కి పంపేముందు చిరుగులు చూడటం ఆమె పనే. దిండు గలీబు దులిపితే మూడు టోపీలు రాలాయి. పాత గౌను చింపి కుట్టినవి, కుట్లన్నీ వంకరటింకర. ఏడాది నిండిన పిల్లలకు సరిపోయేంత పెద్దవి. మూడోదాని అంచు సగమే అయింది. టోపీలమ్మ ఇచ్చిన సూది, జానెడు దారంతో, దానికే గుచ్చి ఉంది.