మిద్దె మీద చెట్లు వద్దన్నందుకు

నా భార్య కమలాక్షమ్మ చెట్లు లేవని నన్ను వదిలి ఆళ్లగడ్డలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. మొగుడు తాగుతాడనో, తిరుగుతాడనో వెళ్ళినా నాకు కొంత పేరుండేది. ఆ గౌరవం కూడా దక్కలేదు.

రెండు వేల ఒకటిలో నంద్యాలలో ఒక మిద్దె పైగదిలో అద్దెకు దిగాం. నేను లారీలకు రంగులు వేస్తాను. ఇంటి ఓనరు పరంజ్యోతి సార్ బందరు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న లెక్చరరు. దిగిన రోజే కమలాక్షమ్మ, "మిద్దె మీద నాలుగు చెట్లు పెట్టుకుంటాం సార్" అని అడిగింది. ఆయన అదిరిపడ్డాడు. "స్లాబు మీద చెట్లేంటండీ! కుదరదు."

ఎనిమిది నెలలు ఓర్చుకుంది. ఎండలు ముదిరాక సంచి సర్దింది. "ఈ పెనం మీద పచ్చని ఆకు కూడా లేకుండా నేనుండలేను. చెట్లు పెట్టినాక చెప్పు, వస్తా."

మూడు వారాలు నా వంట నేనే తిన్నాక, పౌరుషం చంపుకుని పరంజ్యోతి సార్ దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఆ చెట్ల సంగతి..."

"ఎన్నిసార్లు చెప్పాలి శేషయ్యగారూ? వేళ్ళు దిగి స్లాబు పగిలిపోద్ది."

"డబ్బాలో ఉండే మల్లెచెట్టు వేళ్ళు యాడికి దిగుతాయి సార్?"

ఆయన పేపరు దించాడు. "మల్లె... చెట్టా?"

"మల్లెచెట్టు, గులాబీచెట్టు, కనకాంబరం చెట్టు. మీరేమనుకున్నారు?"

"వేప అనుకున్నానండీ! మీరు చెప్పేవి మొక్కలు. మొక్కలైతే వంద పెట్టుకోండి."

మా సీమలో మట్టిలోంచి లేచిందల్లా చెట్టే. కొత్తిమీర కూడా. ఆయనకేమో పైకెక్కి ఊగేంత ఉంటేగాని చెట్టు కాదు. నేను ఆరో తరగతిలో బడి మానేశాను, నాకు తెలియకపోవడంలో వింత లేదు. అన్ని పుస్తకాలు చదివినాయన ఒక్కసారి "ఏం చెట్లు?" అని అడిగి ఉంటే నా కాపురం నిలబడేది.

కమలాక్షమ్మ అన్న అంగడికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"చెట్లు పెట్టినావా?" అంది.

"పెడతాండా."

"ఆదివారం వచ్చి చూస్తా. బాగలేకుంటే నాలుగు గంటల బస్సుకు మళ్ళ పోతా. ఇంక రాను."

మొక్కలమ్మే ఇస్సాకు దగ్గరికి పరుగెత్తాను.

"ఎండ ఏ పక్క అన్నా?" అన్నాడు.

"అన్ని పక్కలా."

"గాలి?"

"మొన్న ఆరేసిన లుంగీ మూడిళ్ళ అవతల దొరికింది."

"అట్లయితే మల్లె మాట మర్చిపో. ఎత్తు పెరిగేది గాలికి పడతాది, పలచని ఆకు ఎండకు మాడతాది. పొట్టిగా, ఆకు లావుగా ఉండేవి తీసుకో. గడ్డిగులాబీ, కలబంద. బిళ్ళగన్నేరు గూడా ఓర్చుకుంటాది. కుండీలు మట్టివి, వెడల్పువి."

మా ఆవిడ సంగతి వీడికేం తెలుసనుకున్నాను. అతను చెప్పినవి ఆరు, నాకు నచ్చినవి నాలుగు తెచ్చాను. కుండీలెందుకు, ఖాళీ రంగు డబ్బాలు బోలెడున్నాయి. అందరికీ కనబడాలని పిట్టగోడ మీద వరుసగా పెట్టాను.

గురువారానికి రెండు మల్లెలు అప్పడాలయ్యాయి. శుక్రవారం గాలికి ఒక గులాబీ డబ్బాతో సహా పరంజ్యోతి సార్ స్కూటర్ మీద పడింది. "ఇది మొక్కేనండీ, నేను ఒప్పుకుంటా. కానీ కింద పెట్టండి" అన్నాడు. దించేలోపు రెండో గులాబీ వీధిలోకి దూకి లారీ కింద పడింది. ఆ లారీకి రంగు వేసింది నేనే.

ఆదివారం కమలాక్షమ్మ వచ్చింది. చేతిలో సంచి లేదు. అంటే నాలుగు గంటల బస్సు ఖాయమన్నమాట.

మిగిలిన ఆరింటి చుట్టూ తిరిగి, ఒక డబ్బా మీద చెయ్యి పెట్టి లాక్కుంది. "సుర్రుమంటాంది. వేళ్ళు ఉడకబెడతాండావా?"

"నాకెవరు చెప్పినారు?" అన్నాను. ఇస్సాకు పేరు ఎత్తలేదు.

డబ్బా పైకెత్తి చూసింది. "అడుగున బొక్క యాదీ?"

"బొక్క పెడితే నీళ్ళు కారిపోవా?"

పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఎప్పుడూ చూడనట్టు చూసింది. కొంగు దోపి, మేకు, సుత్తి తెమ్మంది. అన్నిటికీ బొక్కలు కొట్టింది. వాటిని మెట్లగది తూర్పు గోడకు ఆనించి, చుట్టూ తడిగోనె చుట్టింది. మూడున్నర దాటింది. నాలుగూ దాటింది.

"బస్సు..." అన్నాను, అడగకపోతే బాగుండదని.

"వీటికి రెండు పూటలా నీళ్ళు చూడాల. నీ చేతిలో పెట్టిపోతే వారానికి చస్తాయి. ఫో, అన్నకు ఫోన్ చెయ్యి. నా సంచి, పెరట్లో ఉండే మట్టికుండీలు బస్సులో వేసి పంపమను."

ఇన్ని రోజులు నేనేం తిన్నానో, ఎట్లా ఉన్నానో ఒక్క మాట అడగలేదు. నేను మెట్లు దిగుతుంటే పైనుంచి కేకేసింది.

"వచ్చేటప్పుడు ఇంకో రెండు గోనెసంచులు తే. చిరిగినవైనా పర్వాలేదులే!"