రహ్మాన్ అడగవలసిన మాట

బెజవాడ వన్ టౌన్‌లోని ఆ ఇరుకు సందు నుంచి తెల్లవారుతూనే బయలుదేరే వాహనాలలో రహ్మాన్ ట్రాలీ ఆటోకు ఒక ప్రత్యేక గౌరవం ఉంది. మిగిలినవి ఉల్లిపాయలనో ఇనప సామానునో మోస్తాయి. అది వాక్కును మోస్తుంది. ఆ ఉదయం అతడు రెండు స్పీకరు పెట్టెలను ఎక్కించి, వాటి మీద హారన్లను బోర్లించి, ఆంప్లిఫైయరును బాలింత బిడ్డను చుట్టినట్లు పాత దుప్పటిలో చుట్టి, తన సీటు పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తరువాత తాడు బిగించసాగాడు. పొట్టి మనిషి. వైరు చుట్టలు మోసి మోసి కుడి భుజం మీద నల్లగా కాయ కాచింది. స్పీకర్ల పక్కన ఆయుష్షు గడిపినందుకు ఒక చెవి పెన్షను పుచ్చుకుంది. రెండోది ఇంకా ఉద్యోగం చేస్తోంది.

అతడు గొంతు పెంచిన మహనీయులకు లెక్క లేదు. మంత్రులు కాబోయేవారు, కాలేకపోయినవారు, స్వాములు, పెళ్ళికొడుకుల మేనమామలు, అందరూ అతని పెట్టెలో సన్నగా దూరి లావుగా బయటికి వచ్చినవారే. వామనుడు త్రివిక్రముడైన వైనాన్ని పురాణాలు ఎంతో శ్రమపడి వర్ణించాయి. రహ్మాన్ ఆ పని ఒక మీట తిప్పి చేసేవాడు. ఇంతటి వాగ్దేవతా సేవకుడు మైకులో స్వయంగా పలికిన వాఙ్మయమంతా కలిపితే ఇది: “హలో... హలో... చెక్.”

ముడి వేస్తుండగా లోపలి నుంచి తల్లి పిలిచింది. నజీరాబీ కొంతకాలంగా మంచం దిగడం లేదు. దేహం పిడికెడైంది, నాలుక మాత్రం పాత కొలతల్లోనే ఉంది.

“ఇవాళ దొరసాని వస్తోందంటగా?”

“అవునమ్మీ. కూచిపూడి చూడ్డానికి వచ్చిందంట. ఎవరో మన లాకులపాలెం స్తూపం సంగతి చెప్పారంట. సర్పంచి గారు ఫోన్ చేశారు, ఫారిన్ గెస్టు, సౌండు అదిరిపోవాలన్నారు.”

“సౌండు సంగతి సరే. అడుగు.”

రహ్మాన్ తల వంచుకుని చేతికంటిన తాడు పీచు దులుపుకున్నాడు. ఏం అడగాలో చెప్పనవసరం లేదు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతివారూ పాలతో పాటు ఆ ప్రశ్నను తాగారు. అతని భార్య సనోబర్ కోడలై వచ్చాక నేర్చుకుంది.

“పాపం, ఆవిడకేం తెలుస్తుంది అత్తమ్మా? అప్పటికి పుట్టి ఉండదుగా,” అంది సనోబర్.

“నేను పుట్టి ఏం చూశాను? మనింట్లో ఒక మాట మిగిలినట్టు వాళ్ళింట్లోనూ ఒక మాట మిగిలుంటుంది. వాళ్ళవాళ్ళు కాల్చిందేగా?” అని నజీరాబీ కొడుకు వైపు తిరిగింది. “ఇంకోటి. ఈసారి శాలువా తేకు. పెట్టె మూత పడట్లేదు. బెజవాడ ఎండల్లో ఎవరికి కప్పను, ఫ్రిజ్జుకా?”

నజీరాబీ తండ్రి మస్తాన్ కంకిపాడులో గోళీ సోడాలు అమ్మేవాడు. నలభైరెండు ఆగస్టులో, దేశమంతా తెల్లవాళ్ళను పొమ్మంటున్న రోజులలో, కంకిపాడు అవతల లాకులపాలెంలో, కాలువ నీటిని ఆపి వదిలే లాకుల దగ్గర జనం పోగయ్యారు. జనం పోగైన చోట దాహం పోగవుతుందన్న ఆర్థిక సూత్రం మస్తాన్‌కు తెలుసు. బండి తోసుకుని వెళ్ళాడు. దొర వెంట పోలీసులు వచ్చారు. కాల్పులు జరిగాయి. ఆరుగురు పోయారు, మస్తాన్‌తో కలిపి. శవాన్ని తెచ్చిన తోటి బండివాడు గుమ్మంలో నిలబడి అన్న మాటను చాపమీద కూర్చున్న పసిపిల్ల నజీరా విన్నది: “ఎండకి బండిలో సోడా ఒకటి పేలింది. ఆ చప్పుడు వినగానే కాల్చేశారు.”

అంతే. ఆ తరువాత ఆమె పెరిగింది, పెళ్ళాడింది, ముసలిదయింది. ఆ మాట పెరగలేదు, తరగలేదు. మా నాయన సోడా పేలకపోయి ఉంటే ఆ ఐదుగురూ బతికేవాళ్ళా?

లాకులపాలెం చరిత్రలో సోడాకు చోటు లేదు. అక్కడి స్తూపం మీద మస్తాన్ పేరు మిగతా ఐదు పేర్లతో సమానంగా చెక్కి ఉంది. ఏటా వర్ధంతి సభలో అతడు రొమ్ము విరుచుకుని ‘కాల్చరా!’ అని గర్జిస్తాడు. ఆ గర్జనను ఊరి నాలుగు మూలలకూ చేరవేసే బాధ్యత మనుమడిదే. నజీరాబీ నడవగలిగిన రోజుల్లో ఒక్కసారే ఆ సభకు వెళ్ళింది. ఆ గర్జన విని, మిగతా ఐదు ఇళ్ళవాళ్ళ ముఖాలు చూడలేక, మళ్ళీ వెళ్ళలేదు.

రహ్మాన్ కంకిపాడు దాటేవరకూ ప్రశ్నను సాధన చేశాడు. “మేడమ్ గారూ, నమస్కారమండీ” అన్నంతవరకు బాగానే వచ్చింది. ఆ తరువాత ప్రతిసారీ ఒక లారీ అడ్డం వచ్చేది, లేదా గేదె. రోడ్డు పక్క కాలువ ఎర్రగా నిండుగా పారుతోంది. చేలలో నాట్లు పడుతున్నాయి. లాకులపాలెం పొలిమేరకు వచ్చేసరికి అతని నోట మిగిలింది నమస్కారం ఒక్కటే.

స్తూపం దగ్గర షామియానా లేచింది. దాని ముందు ఫ్లెక్సీ. అందులో సర్పంచి రామకోటేశ్వరరావు మనిషెత్తున నమస్కరిస్తున్నాడు. అమరవీరులు ఆయన మోచేతి కింద తమలపాకుల ప్రమాణంలో సర్దుకున్నారు. ముఖ్య అతిథి ఫొటో సమయానికి దొరకనందున, ఎక్కడో దొరికిన మరో తెల్లావిడ ఫొటో వేశారు.

అసలావిడ కారు దిగింది. పేరు హెలెన్, ఇంగ్లండులో బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి. సన్నగా, ఎత్తుగా, కొంచెం వంగి ఉంది. నూలు చొక్కా, నలిగిన లాగు. దిగగానే ఎవరూ చెప్పకముందే చెప్పులు విప్పి, స్తూపం వైపు నడిచి, పేర్ల ముందు తల వంచి నిలబడింది. ఆవిడ వచ్చింది అంతమాత్రానికే. కొంతసేపు ఎవరూ పలకరించకుండా ఉంటే ఆ పని పూర్తయ్యేది.

అయితే కారులో వచ్చిన మనిషిని నిలబెట్టడం కృష్ణాతీరపు సంస్కారంలో లేదు. మేళం మోగింది. సర్పంచి ఆవిడను సగౌరవంగా స్తూపం నుంచి వేరు చేసి, వేదిక మీదికి తీసుకుపోయి, వీపున తెల్ల టర్కీ తువాలు పరచిన పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాడు. మెడలో బంతిపూల దండ వేశాడు. భుజాల మీద శాలువా కప్పాడు. ఆవిడ రెండు చేతులూ అడ్డం పెట్టి ఏదో అంది. వినయమనుకుని ఇంకో దండ వేశారు.

సర్పంచి కూతురు వినీల ఇంజనీరింగు చదువుతోంది. అనువాద బాధ్యత ఆ అమ్మాయిది. “నాన్నా, ఆవిడ దండలు వద్దంటున్నారు. తను చీఫ్ గెస్ట్ కాదంట. సారీ చెప్పడానికొచ్చారంట.”

“చెప్పనీ అమ్మా, చెప్పనీ. జెండా ఎగరేశాక చెప్పచ్చు.”

జెండా ఎగిరింది. ఏ జెండాను ఎగరనివ్వకుండా ఆపడానికి ఒకప్పుడు తుపాకులు పేలాయో, ఆ జెండా తాడును ఆ దేశపు మనిషి చేతికే ఇచ్చి లాకులపాలెం చప్పట్లు కొట్టింది. ఎగతాళిగా కాదు, అతిథి అన్నాక అదే పద్ధతి. పూరేకులు ఆవిడ నెరిసిన జుట్టు మీద రాలాయి.

సర్పంచి ప్రసంగంలో మస్తాన్ యథాప్రకారం రొమ్ము విరిచాడు. హెలెన్ మైకు ముందుకు వచ్చినపుడు రహ్మాన్ స్టాండును ఆవిడ ఎత్తుకు లేపాడు. ఆవిడ కొద్దిగా మాట్లాడింది. వినీల చెప్పింది: “ఇక్కడ జరిగినదానికి క్షమాపణ అడగడానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు. కానీ అడక్కుండా వెళ్ళలేను.”

చప్పట్లు మిన్నంటాయి. సర్పంచి మైకు లాక్కున్నాడు. “అబ్బెబ్బే, మీరేం ఫీలవకండి మేడమ్ గారూ! పాతవన్నీ మేం ఎప్పుడో మర్చిపోయాం!”

మరవకూడదని కట్టిన స్తూపం ఆయన వెనకే నిలబడి ఆ మాట విన్నది.

ఆ తరువాత అమరవీరుల కుటుంబాలకు సత్కారం. హెలెన్ చేతుల మీదుగా. ఒక్కొక్క ఇంటివారే వచ్చి తలవంచి శాలువా కప్పించుకుంటున్నారు. కప్పే చేతులకే సిగ్గుగా ఉంది, కప్పించుకునేవారు నవ్వుతున్నారు. చివరిది మస్తాన్ కుటుంబం. రహ్మాన్ వైరు వదిలి, చేతులు లుంగీకి తుడుచుకుని వేదిక ఎక్కాడు. ఆవిడ శాలువా కప్పి అక్కడే ఆగింది. ఈ మనిషి ఏదో చెప్పబోతున్నాడని ఆవిడకు తోచింది. నిజమే. మైకు జానెడు దూరంలో ఉంది. రహ్మాన్ గుండె నిండా గాలి పీల్చుకుని మైకు పట్టుకున్నాడు.

“హలో,” అన్నాడు. “హలో... చెక్.”

షామియానా విరగబడి నవ్వింది. “పనిచేస్తోందిలే రహ్మానూ!” అని అరిచాడొకడు. “నీ మైకు మీద నీకే డౌటా?” అన్నాడు ఇంకొకడు. రహ్మాన్ కూడా నవ్వాడు. నవ్వుతూనే దిగివచ్చి ఆంప్లిఫైయరు ముందు గొంతుకూర్చుని, తిప్పనక్కరలేని మీటను కాసేపు అటూ ఇటూ తిప్పాడు. చెవులు మండిపోతున్నాయి. తల్లి మంచం కళ్ళ ముందు కదిలింది. ఇంటికి వెళ్ళి ఏమని చెప్పాలి? అడగలేదమ్మీ, సౌండు మాత్రం అదిరిపోయింది.

భోజనాలకు పిలిచారు. జనం షామియానా ఖాళీ చేసి వంటల వైపు కదిలారు. రహ్మాన్ వైరు చుడుతుండగా ఎదుట రెండు తెల్లని పాదాలు కనిపించాయి, ఇంకా చెప్పుల్లేకుండానే. పక్కన వినీల.

“బాబాయ్ గారూ, మీరేదో అడగబోయారంట కదా. మేడమ్ కనుక్కోమంటున్నారు.”

రహ్మాన్ ముందు చేయి చాపి మైకు మీట ఆపాడు. ఎర్రలైటు ఆరిందో లేదో వంగి చూసుకున్నాడు. అప్పుడు, ఎవరికీ వినపడని తన సొంత గొంతుతో, ప్రశ్నను కాక కథను చెప్పాడు. సోడాబండి, ఎండ, సీసా పేలిన చప్పుడు, గుమ్మంలో నిలబడ్డ బండివాడు, చాపమీది పిల్ల. “మా అమ్మ ఒక్కటే అడగమందండీ. ఆ సోడా పేలబట్టే కాల్చారా? మా తాత వల్లే మిగతావాళ్ళు పోయారా?”

వినీల దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆమె చిన్నప్పటి నుంచి విన్నది గర్జన మాత్రమే. హెలెన్ అంతా విన్నది. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని లాక్కోక నేల మీదే, అతని ఎదురుగా, స్పీకరు పెట్టెకు ఆనుకుని కూర్చుంది. మాట్లాడింది.

“వాళ్ళింట్లో గాని, వాళ్ళ బడిలో గాని ఈ ఊరి పేరు ఎవరికీ తెలియదంట,” అంది వినీల. “మీ ఇంట్లో మిగిలినంత కూడా వాళ్ళింట్లో మిగల్లేదంట.”

రహ్మాన్ తల ఊపాడు. అంతేలే అనుకున్నాడు. హెలెన్ మళ్ళీ మాట్లాడింది. ఈసారి నెమ్మదిగా, పిల్లలకు పాఠం చెప్పినట్లు కాదు, తనకు తాను ఒప్పజెప్పుకున్నట్లు.

“సోడా పేలేటప్పటికే తుపాకులు నింపి ఉన్నాయి కదా, అంటున్నారు. నింపుకునే బయల్దేరారు. గురిపెట్టే నిలబడ్డారు. వాళ్ళకి కావలసింది ఏదో ఒక చప్పుడు. సోడా కాకపోతే గేటు కిర్రుమనేది, లేకపోతే ఎవరో పిల్లాడు ఏడ్చేవాడు. ఏదో ఒకదానికి కాల్చేవాళ్ళే. తప్పు నింపినవాళ్ళది, మీ తాతగారిది కాదు. మీ అమ్మగారికి ఈ మాట నేను చెప్పానని చెప్పమంటున్నారు.”

రహ్మాన్ స్తూపం వెనక్కి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు. సనోబర్ ఫోను అత్త చెవి దగ్గర పెట్టింది.

“అడిగానమ్మీ. తుపాకులు ముందే నింపుకొచ్చారంట. ఏదో ఒక చప్పుడు కోసమే చూస్తున్నారంట. సోడా కాకపోతే ఇంకోదానికి కాల్చేవాళ్ళంట.”

రహ్మాన్ గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు.

“అరవకు. చెవుడు నీకు, నాకు కాదు.” కొంచెం ఆగి, “ఎవరన్నారా మాట? నువ్వే అల్లావా?”

“అల్లా మీద ఒట్టు. ఆవిడే అంది. తన పేరు చెప్పి మరీ చెప్పమంది.”

“ఊఁ. మిగతా ఐదిళ్ళవాళ్ళూ వచ్చారా?”

“వచ్చారు. భోంచేస్తున్నారు.”

“నువ్వూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని తిను. మైకు పక్కన కాదు.”

రహ్మాన్ అలాగే చేశాడు. ముద్దపప్పు, గోంగూర, ఆవపెట్టిన పులిహోర. పక్కనున్న ముసలాయన ఇతని విస్తరి దగ్గరికి నెయ్యి గిన్నె జరిపాడు. హెలెన్ అదే బంతిలో కూర్చుని ఎడమ చెయ్యి ఎక్కడ దాచాలో తెలియక అవస్థ పడుతోంది. మధ్యాహ్నం ఆవిడ కారు కూచిపూడి వైపు వెళ్ళిపోయింది. రహ్మాన్ సామాను ఎక్కించాడు. దారిలో జల్లు పడితే కొత్త శాలువా తీసి ఆంప్లిఫైయరు మీద కప్పాడు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగినపుడు, ఎవరూ వినడం లేదని చూసుకుని, “నింపినవాళ్ళది,” అని పైకి అనుకున్నాడు. బాగానే వచ్చింది.

సందు మలుపు తిరిగేసరికి తన గుమ్మం ముందు ఇరుగుపొరుగు చెప్పులు గుట్టగా కనిపించాయి. అతడు ఇంజను ఆపాడు గాని వెంటనే దిగలేదు.

“నీ ఫోనయ్యాక లేపి కూర్చోబెట్టమంది,” అంది సనోబర్, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. “ఎన్నాళ్ళకో ఆకు కావాలంది. తనే దంచుకుంటానంది, నన్ను ముట్టుకోనివ్వలేదు. సగం దంచి, కాస్త నడుం వాలుస్తానని పడుకుంది. సాయంత్రం అసర్ నమాజుకి లేపుదామని వెళ్ళాను...”

తల్లి ముఖం మీద దుప్పటి ఉంది. మంచం పక్కన, చేయి చాపితే అందేంత దగ్గరలో, చిన్న ఇనప రోలు. అందులో నలిగీ నలగని తమలపాకు, తడి ఆరకుండా, ఇంకా పచ్చగానే ఉంది.